క్లైంబింగ్ కోసం వెయిట్స్ ఎలగ చెయ్యాలి? మా దగ్గర వాల్ లేదు, తాలింఖానా మాత్రం ఉంది

నెల్లిమర్ల కుర్రోడు:

అందరికీ నమస్కారం. నాది నెల్లిమర్ల దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో జాబ్ చేసినన్నాళ్ళూ ఆఫీసోళ్ళతో క్లైంబింగ్ జిమ్‌కి వెళ్ళేవాడిని, బౌల్డరింగ్ (తాడు లేకుండా తక్కువ ఎత్తు ఎక్కడం) బాగా ఎక్కేసింది నాకు, భువనగిరి కొండ మీద రాక్ క్లైంబింగ్ స్కూల్‌లో తాడు కట్టుకుని ఎక్కడం కూడా నేర్చుకున్నాను. ఇప్పుడు నాన్నకి ఒంట్లో బాగోలేదు, ఆఫీసు వాళ్ళు ఇంటి నుంచి పని చేసుకోమన్నారు, వచ్చేశాను. ఇక్కడ నాకు అందుబాటులో వాల్ లేదు. రెండు మూడు నెలలకోసారి హైదరాబాద్ వెళ్ళినప్పుడు మాత్రమే ఎక్కడం అవుతోంది.

కానీ ఇంటికి దగ్గరలోనే తాలింఖానా ఉంది. ఒలింపిక్ బార్, ప్లేట్లు, పుల్లప్ రాడ్, స్క్వాట్ స్టాండ్ అన్నీ ఉన్నాయి. మనది కోడి రామమూర్తి నాయుడు గారు తిరిగిన గడ్డ, పక్కనేమో వెయిట్‌లిఫ్టర్ల ఊరు కొండవెలగాడ, ఇనుముకి లోటేటి. అందుకని క్లైంబింగ్ కోసమే వెయిట్స్ మొదలుపెడదామనుకుంటున్నా. జిమ్‌లో అన్నయ్య ఒకరు సోమవారం చెస్ట్, మంగళవారం బైసెప్స్ అని చార్ట్ రాసిచ్చారు, ప్రతీదీ నాలుగు సెట్లు పన్నెండేసి రెప్స్. అది చూస్తే నాకు భయమేసింది, ఎందుకంటే ఒళ్ళు పెరిగితే గోడ మీద ఆ బరువంతా మోసుకెళ్ళాల్సింది నేనే కదా. ఇప్పుడు 64 కేజీలున్నాను, వీ4 (బౌల్డరింగ్ గ్రేడు, అంకె పెరిగేకొద్దీ కష్టం) వరకు ఎక్కుతాను, వీ5 దగ్గర ఎన్నాళ్ళ నుంచో ఆగిపోయాను, చిన్న ఎడ్జ్‌లు (వేలి చివర్లు మాత్రమే పట్టే అంచులు) వస్తే వేళ్ళు తెరుచుకుపోతున్నాయి.

ఇంకోటి, కుడి చేతి ఉంగరం వేలు మొదట్లో పొద్దున్న లేవగానే పట్టేసినట్టుంటుంది, నొక్కితే కొంచెం నొప్పి. దీంతో వెయిట్స్ చెయ్యొచ్చా? రామతీర్థం కొండలు రోజూ కళ్ళ ముందు కనిపిస్తాయి, వాటి మీద ప్రాక్టీస్ చేసేవాళ్ళెవరైనా ఉన్నారా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

బార్‌బెల్ బాబాయ్:

తమ్ముడూ, మాది కొండవెలగాడ వైపే, చిన్నప్పటినుంచి బార్ పట్టినోణ్ణి, ఇప్పుడు కుర్రోళ్ళకి నేర్పుతున్నాను. రాళ్ళెక్కడం గురించి నాకు తెలీదు గానీ బరువు గురించి చెప్తాను. ఒళ్ళు పెరిగిపోతాదన్న భయం ముందు తీసెయ్. మా ఆటే వెయిట్ కేటగిరీల ఆట. 53 కేజీల్లో ఆడే అమ్మాయి ఏళ్ళ తరబడి ఆ 53 దాటకుండానే ఎత్తే బరువు పెంచుకుంటూ పోతాది. మన సిక్కోలు ఆడపడుచు కరణం మల్లీశ్వరి గారు 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కేజీల కేటగిరీలో స్నాచ్ (ఒకే ఊపులో తల మీదకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తల మీదకి) 130, మొత్తం 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చారు. మా కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో పతకం తెచ్చింది 53 కేజీల్లోనే. ఒళ్ళు పెరక్కుండా బలం పెరగదంటే మా ఆటలో సగం మంది ఇంటికెళ్ళిపోవాలి.

బలం రెండు రకాలుగా వస్తాది. కండ లావవ్వడం ఒకటి, ఉన్న కండనే నరాలు పూర్తిగా వాడుకోవడం నేర్చుకోవడం రెండోది. నీకు రాసిచ్చిన నాలుగు పన్నెండ్లు మొదటిదానికి బాగా పనికొస్తాయి, ఆ అన్నయ్యది తప్పని కాదు, ఆయన దారి వేరు. నీకు కావలసింది రెండోది. బరువు ఎక్కువ, రెప్స్ తక్కువ, రెస్ట్ ఎక్కువ. మూడు నుంచి ఐదు రెప్స్, మూడు నాలుగు సెట్లు, సెట్‌కీ సెట్‌కీ మధ్య మూడు నిమిషాలు కూర్చోవాలి, ఫోన్ చూసుకో పరవాలేదు గాని లేచి ఇంకోటి ఎత్తకు. ఇంకా ఒకటి రెండు ఎత్తగలను అనిపిస్తున్నప్పుడే బార్ దించెయ్. ఆఖరి రెప్‌కి నడుం వంకరపోయి మొహం ఎర్రబడిపోయేలా ఎత్తడం మా పిల్లలకే ఒప్పుకోను, నీకసలు అక్కర్లేదు.

స్నాచ్, జెర్క్ జోలికి పోకు. అవి చెడ్డవని కాదు, నాకవి ప్రాణం, గాని సరిగ్గా రావడానికే ఏళ్ళు పడతాది, ఆ టైమ్ నీ కొండకి పెట్టు. డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ని నిటారుగా నిలబడేదాకా లేపడం), బరువు కట్టుకుని పుల్లప్స్, తల మీదకి ప్రెస్, వంగి రోయింగ్, ఒక కాలితో బల్ల మీదకి స్టెప్ అప్. ఇవి చాలు. పుల్లప్‌కి నడుముకి బెల్టు, దానికి గొలుసు, గొలుసుకి ప్లేటు. ఒంటి బరువుతో ఐదు శుభ్రంగా, గెడ్డం రాడ్ దాటేలాగ, కాళ్ళు ఊపకుండా వచ్చాకే 2.5 కేజీల ప్లేటు తగిలించు. అది ఐదు సార్లు తేలిగ్గా వచ్చిందంటే ఇంకో 2.5.

డెడ్‌లిఫ్ట్‌కి పట్టీలు కట్టుకోకు, నీ చేతుల్తోనే పట్టు. మేం బొటనవేలు లోపల పెట్టి మిగతా వేళ్ళు దాని మీద వేసి హుక్ గ్రిప్ పడతాం, అది మాకు బార్ జారకుండా ఉండడానికి, నువ్వు మామూలుగానే పట్టుకో. చేతులకి రాసుకునే చాక్ మాత్రం నీదీ నాదీ ఒకటే, మెగ్నీషియం కార్బొనేట్. మన ఊళ్ళో ఉక్కకి అది లేకపోతే బార్ నిలవదు.

సిక్కోలు టు బాదామి:

బాబాయ్ గారు చెప్పింది అక్షరాలా నిజం, ముఖ్యంగా వెయిట్ కేటగిరీ మాట. నాది టెక్కలి, బెంగళూరులో పని చేస్తాను, వీలైనప్పుడల్లా రాళ్ళెక్కడానికి కర్ణాటకలోని బాదామి వెళ్తుంటాను. ఆయన చెప్పినదానికి నా వంతు కొంచెం కలుపుతాను.

డెడ్‌లిఫ్ట్ క్లైంబర్‌కి ఎందుకంటే, ఓవర్‌హ్యాంగ్ (మన వైపు వాలిన గోడ) మీద కాళ్ళు ఊడిపోతున్నాయంటే చాలాసార్లు తప్పు పొట్టది కాదు, తొడ వెనక కండలది, పిర్రలది, నడుముది. కాలి వేళ్ళతో రాయిని లోపలికి లాక్కుంటూ ఒంటిని బిగించి ఉంచాలి కదా, హీల్ హుక్ (మడమని రాయికి తగిలించడం) వేసినప్పుడైతే తొడ వెనక కండ మీదే బతుకు. దీంతోపాటు రాడ్‌కి వేలాడుతూ కాళ్ళు పైకెత్తడం కూడా పెట్టుకో, ఊపకుండా, నెమ్మదిగా దించుతూ.

కానీ అసలు సంగతి వేళ్ళు. 150 కేజీల డెడ్‌లిఫ్ట్ కొట్టేవాళ్ళని తీసుకొచ్చి ఒక పోర కూడా పూర్తిగా పట్టని ఎడ్జ్ ఇస్తే జారిపోతారు, ఎందుకంటే బార్ అరచేతిలో చుట్టుకుని కూర్చుంటుంది, ఎడ్జ్ మీద వేలి చివర ఒక్కటే ఉంటుంది. వీపులో ఎంత బలం ఉన్నా గోడకి చేరేది వేళ్ళ గుండానే. వీ5 దగ్గర నీ వేళ్ళు తెరుచుకుపోతున్నాయన్నావు కదా, అదే ఇది. దీనికి హ్యాంగ్‌బోర్డ్ (వేళ్ళతో వేలాడే చెక్క) కొనక్కర్లేదు, తాలింఖానాలో ఉన్నవాటితోనే అయిపోతుంది.

వడ్రంగి దగ్గరకెళ్ళి మిగిలిపోయిన టేకు ముక్క ఒకటి అడుగు, జానెడు పొడవు, అరచెయ్యంత వెడల్పు, మందం కనీసం రెండంగుళాలు. దాంట్లో ఒక వైపు 20 మిల్లీమీటర్ల లోతు గాడి తియ్యమను, నాలుగు వేళ్ళు పక్కపక్కన పట్టేంత పొడవు. గాడి అంచు కత్తిలాగ వదిలెయ్యకూడదు, గరుకు కాగితంతో రుద్ది గుండ్రంగా చెయ్యమను, లేకపోతే తోలు ఊడొచ్చేస్తుంది. వార్నిష్ అసలు వద్దు, నున్నగా అయిపోతే పట్టు ఉండదు. వేళ్ళు పైన పడి, బరువు సరిగ్గా మధ్యలో కిందకి వేలాడేలా రంధ్రం పెట్టించి తాడు దూర్చు. బట్టలారేసే తాడు కాదు, క్లైంబింగ్ దుకాణంలో దొరికే ఆరు మిల్లీమీటర్ల కార్డ్. ఆ తాడు ప్లేట్ల కన్నంలోంచి తీసి గట్టిగా ముడెయ్యి. అంతే. నేల మీద నుంచి ప్లేట్లని ఒక చేత్తో, వేళ్ళతోనే, చీలమండ ఎత్తు దాకా లేపి పట్టుకోవాలి. గుమ్మానికి వేలాడడం కన్నా ఇది నయం, ఎందుకంటే వేలాడితే ఒంటి బరువంతా ఒకేసారి పడుతుంది, ఇక్కడ పది కేజీలతో మొదలుపెట్టి చిన్న చిన్న ప్లేట్లతో పెంచుకోవచ్చు, నొప్పనిపించిన క్షణం వదిలేస్తే ప్లేటు కింద పడుతుంది, నువ్వు పడవు.

వేలి మధ్య కీలు ఇంచుమించు తొంభై డిగ్రీలు వంగి, చివరి కీలు నిటారుగా ఉంటే అది హాఫ్ క్రింప్. వేళ్ళు చాచినట్టు ఉంటే ఓపెన్ హ్యాండ్. బొటనవేలు మీదకి తెచ్చి బిగించేది ఫుల్ క్రింప్, ట్రైనింగ్‌లో దాని జోలికి పోకు. పది సెకన్లు పట్టుకో, చేతికి ఐదు సార్లు, మధ్యలో రెండు మూడు నిమిషాలు గ్యాప్. వారానికి రెండు సార్లు చాలు, మధ్యలో కనీసం రెండు రోజులు ఖాళీ. కండ వారాల్లో బలపడుతుంది, వేలి టెండన్లకి (కండని ఎముకకి కలిపే తాళ్ళు), వాటిని ఎముకకి పట్టి ఉంచే పుల్లీలకి రక్తం సరఫరా తక్కువ, అవి నెలలు తీసుకుంటాయి. గట్టి దెబ్బలు తగిలేది ఈ తేడాలోనే, వీపు రెడీ అయిపోతుంది, వేలు అవ్వదు.

యూట్యూబ్‌లో క్యాంపస్ బోర్డ్ (కాళ్ళు వాడకుండా చేతుల్తోనే ఎగబాకే చెక్క మెట్ల బోర్డు) వీడియోలు చూసి చెక్కలు కొట్టించకు దయచేసి. వోల్ఫ్‌గాంగ్ గ్యూలిచ్ 1988లో న్యూరెంబర్గ్‌లో దాన్ని కట్టుకున్నాడు, 1991లో యాక్షన్ డైరెక్ట్ అనే చాలా కష్టమైన రూట్ ఎక్కాడు, కానీ అప్పటికే ఆయన ప్రపంచంలో అందరికన్నా గట్టి క్లైంబర్లలో ఒకడు. మనకి ఇప్పట్లో దాని అవసరం లేదు.

పాదాలే ప్రధానం:

ఇంతమంది ఇనుము గురించి చెప్పారు కాబట్టి నేను అవతలి వైపు చెప్తాను, ఏమనుకోకండి. వీ4, వీ5 దగ్గర ఆగిపోయిన వాళ్ళని నేను చాలామందిని చూశాను, పదిమందిలో ఎక్కువమందికి లోటు బలంలో కాదు, కాళ్ళు పెట్టే తీరులో. షూ బొటనవేలి అంచు రాయి మీద పెట్టాక కదపకూడదు, తుంటి గోడకి ఆనించాలి, చేతులు నిటారుగా వదిలి వేలాడాలి. ఇవి రాకుండా పుల్లప్‌కి ఇరవై కేజీలు కట్టుకుంటే ప్రతి మూవ్‌నీ చేతుల్తో లాగడం అలవాటైపోతుంది, తర్వాత మానడం కష్టం. ఇంట్లో గోడ వారన నాలుగు ఇటుకలు దూరదూరంగా పెట్టి వాటి అంచుల మీద చప్పుడు కాకుండా అడుగులు మార్చడం ప్రాక్టీస్ చెయ్యి, రోజూ పది నిమిషాలు. హైదరాబాద్ వెళ్ళినప్పుడు మాత్రం వెయిట్స్ మానేసి పూర్తిగా ఎక్కడం మీదే ఉండు.

రామతీర్థం మాట. బోడికొండ, గురుభక్తులకొండ, దుర్గకొండ చూస్తే ఎవరికైనా ఎక్కాలనిపిస్తుంది, కాదనను. కానీ అది రాములవారి క్షేత్రం, కొండల మీద బౌద్ధ, జైన కట్టడాల ఆనవాళ్ళున్నాయి. భక్తులు వెళ్ళే దారిన మెట్లెక్కి దణ్ణం పెట్టుకుని రావాలి, అంతే. చాక్ మరకలు పెట్టడం, బోల్టులు కొట్టడం లాంటివి ఆలోచన కూడా వద్దు. మిగతా కొండలంటావా, మన తూర్పు కనుమల్లో చాలాచోట్ల ఖోండలైట్ రాయి, పై పొర పుచ్చిపోయి ఉంటుంది, హంపీ గ్రానైట్‌లాగ నమ్మడానికి లేదు. పిడికిలితో కొడితే బోలుగా మోగిన రాయిని పట్టుకోకూడదు. పైగా కొండ తేనెపట్లు. ఉద్దానం వైపైతే ఎలుగులు. ఒక్కడివే అసలు వెళ్ళకు, వర్షాకాలంలో పాకుడు పట్టిన రాయి మీదకి ఎవరు తోడున్నా వెళ్ళకు. ఎక్కడం కన్నా దిగడం కష్టమని గుర్తుంచుకో.

సిక్కోలు టు బాదామి:

పాదాల సంగతి ఒప్పుకుంటాను. రోజూ గోడ అందుబాటులో ఉన్నవాళ్ళకైతే నేనూ అదే చెప్తాను, వెయిట్స్ తర్వాత చూసుకో అని. కానీ తమ్ముడికి గోడే లేదు కదా. రెండు నెలలు ఖాళీగా కూర్చుని ఒక్కసారిగా వెళ్ళి గోడ మీద పడితే వేలు తెగేది అప్పుడే. ఇక్కడ వెయిట్స్ ఆ ఖాళీలో వేళ్ళనీ భుజాలనీ పనిలో ఉంచడానికి.

ఒక అమ్మ:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మాది శ్రీకాకుళం, మా గుంటడికి 13 ఏళ్ళు. ప్యారిస్ ఒలింపిక్స్‌లో స్పీడ్ క్లైంబింగ్ చూసిన దగ్గర్నుంచి గుమ్మం పైన చెక్కకి వేళ్ళతో వేలాడడమే పని, ఇప్పుడు వీపుకి స్కూల్ బ్యాగ్ తగిలించుకుని మరీ వేలాడుతున్నాడు. బరువులెత్తితే పొడుగు పెరగరంటారు కదా, అది నిజమేనా? ఆపమంటే వినడు, ఆపాలని కూడా నాకు లేదు, వాడికది అంత ఇష్టం.

ఫిజియో అక్క:

విజయనగరంలో ఫిజియోథెరపిస్ట్‌ని. ముందు ఆ అమ్మకి చెప్తాను. అమ్మా, బ్యాగ్ తగిలించుకుని వేళ్ళతో వేలాడడం ఈరోజే ఆపించండి. ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో ఎదుగుదల జరిగే మెత్తని భాగం ఉంటుంది, గ్రోత్ ప్లేట్ అంటాం. వేలి మధ్య కీలు దగ్గర ఆ భాగం మీద మళ్ళీ మళ్ళీ గట్టి ఒత్తిడి పడితే అక్కడ సన్నగా విరుగుతుంది, పెద్దవాళ్ళకి పుల్లీ తెగే చోట పిల్లలకి ఎముకే దెబ్బతింటుంది. పట్టించుకోకపోతే వేలు వంకరగా మిగిలిపోవచ్చు. మధ్య కీలు దగ్గర వాపో నొప్పో ఉందంటే వెంటనే ఆపించి ఎక్స్‌రే తీయించండి. ఎదుగుదల పూర్తయ్యేదాకా, అంటే ఇంచుమించు పదహారు పదిహేడేళ్ళ దాకా, అదనపు బరువుతో వేళ్ళ ట్రైనింగ్, క్యాంపస్ బోర్డ్ వద్దు. మామూలుగా చెట్లెక్కనివ్వండి, రాడ్ నిండా పట్టుకుని పుల్లప్స్ తియ్యనివ్వండి, పుషప్స్ చెయ్యనివ్వండి. ఇక బరువులెత్తితే పొడుగు పెరగరన్నది నిజం కాదు. మంచి కోచ్ దగ్గర, వయసుకి తగ్గ బరువుతో, పద్ధతి నేర్చుకుంటూ చేస్తే పిల్లలకి మంచిదే.

ఇప్పుడు ఉంగరం వేలు. నెల్లిమర్ల తమ్ముడూ, నువ్వు చెప్పిన చోటు, వేలి మొదటి పోర అరచేతి వైపు, ఏ2 పుల్లీ ఉండే చోటు. గేలం కర్రకి దారాన్ని పట్టి ఉంచే రింగుల్లాగ, వేలిని వంచే టెండన్ ఎముకకి అంటిపెట్టుకునేలా ఈ పుల్లీలు పట్టి ఉంచుతాయి. క్లైంబర్లకి ఎక్కువగా దెబ్బ తినేది ఉంగరం వేలిదీ మధ్య వేలిదీ, ఫుల్ క్రింప్‌లో దీని మీద పడేంత ఒత్తిడి ఇంకెందులోనూ పడదు. టప్‌మని చప్పుడు రాలేదు, వాపు లేదు, పొద్దున్న పట్టేసినట్టుండడం మాత్రమే అయితే ఇంకా చిరాకు దశలోనే ఉండుండొచ్చు, కానీ చెయ్యి చూడకుండా నేను తేల్చి చెప్పలేను, ఒకసారి దగ్గర్లో ఎవరికైనా చూపించుకో. చప్పుడొచ్చినా, వేలు వంచినప్పుడు టెండన్ తాడులాగ పైకి తేలినట్టు కనిపించినా ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరకి ఆ రోజే వెళ్ళాలి.

చూపించుకున్నాక కూడా పూర్తిగా కట్టేసి కూర్చోవడం మంచిది కాదు, టెండన్ కొంచెం కొంచెంగా బరువు మోస్తేనే సరిగ్గా మానుతుంది. పైన చెప్పిన చెక్క నీకు సరిగ్గా పనికొస్తుంది, కాకపోతే కుడి చేత్తో మొదటి కొన్ని వారాలు ఓపెన్ హ్యాండ్ మాత్రమే, ఐదు కేజీలు, పది కేజీలు. నొప్పిని పదికి లెక్కేస్తే రెండు మూడు దాటకూడదు, మర్నాడు పొద్దున్న పట్టేసినట్టుండడం ఇంకా ఎక్కువైందంటే బరువు తగ్గించు. మర్నాటి పొద్దున్నే నీకు కొలత.

ఇంకో రెండు సంగతులు. క్లైంబర్లు జీవితమంతా లాగుతూనే ఉంటారు, నెట్టేది తక్కువ, అందుకే భుజాలు ముందుకి వంగిపోయి నా దగ్గరకొస్తారు. బాబాయ్ గారు చెప్పిన ఓవర్‌హెడ్ ప్రెస్ మానొద్దు, పుషప్స్ కలుపు. పాత సైకిల్ ట్యూబ్ కిటికీకి కట్టి, మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి, ముంజేతిని బయటకి తిప్పుతూ లాగడం పదిహేనేసి రెప్స్, ఇది మాత్రం తేలిక బరువుతోనే. మోచేతి లోపలి వైపు నొప్పి మొదలైతే రెండు మూడు కేజీల డంబెల్ పట్టుకుని మణికట్టుని చాలా నెమ్మదిగా కిందకి దించే ఎక్సర్‌సైజ్ చెయ్యి, పైకి లేపేటప్పుడు రెండో చేత్తో సాయం పట్టు.

తిండి తగ్గించి బరువు తగ్గితే గ్రేడ్ పెరుగుతుందని ఎవరైనా చెప్తే వినకు. రెండు నెలలు తేలిగ్గా అనిపిస్తుంది, తర్వాత దెబ్బలు మానవు, నిద్ర పట్టదు, ఎముకలు పల్చబడతాయి, ఆడపిల్లలకి నెలసరి ఆగిపోతుంది. కేజీ ఒంటి బరువుకి 1.6 గ్రాముల ప్రోటీన్ అంటే నీకు రోజుకి వంద గ్రాములు. గుడ్డుకి ఆరేసి గ్రాములొస్తాయి, చేపలు, ఉలవలు, పప్పు, పెరుగు, వేరుశెనగ గుళ్ళు కలుపుకో. పొద్దున్న చోడి అంబలి తాగడం మానకు, పిండిపదార్థం లేకుండా బరువులు లేవవు.

నెల్లిమర్ల కుర్రోడు:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు. రేపే వేలు చూపించుకుంటాను. టేకు ముక్కకి మా మావయ్య కార్ఖానా ఉంది. ఒక్క డౌట్, వేళ్ళ చెక్కా డెడ్‌లిఫ్టూ ఒకే రోజు చెయ్యొచ్చా? ఏది ముందు? బెల్టూ గొలుసూ తాలింఖానాలో లేవు, బ్యాక్‌ప్యాక్‌లో ప్లేట్లు వేసుకుని పుల్లప్స్ తియ్యొచ్చా?

బార్‌బెల్ బాబాయ్:

ఒకే రోజు చెయ్యి, వేళ్ళే ముందు. ఒళ్ళు వేడెక్కాక, చేతులు అలిసిపోకముందు. డెడ్‌లిఫ్ట్ అయ్యాక వేళ్ళు వణుకుతుంటే అప్పుడు చెక్క పట్టుకోకు. సోమవారం, గురువారం అనుకో. సోమవారం వేళ్ళు, తర్వాత డెడ్‌లిఫ్ట్, ప్రెస్. గురువారం వేళ్ళు, తర్వాత పుల్లప్స్, రోయింగ్, స్టెప్ అప్. గంట, గంటంపావులో అయిపోతాది. నాలుగో వారం బరువు సగానికి తగ్గించి ఒంటికి రెస్ట్ ఇయ్యి. హైదరాబాద్ వెళ్ళే ముందు మూడు రోజులు ఏం ఎత్తకు.

బ్యాక్‌ప్యాక్ వద్దు, బరువు వీపు వెనక పడి నడుం విల్లులాగ వంగిపోతాది. మా దగ్గర పాత బెల్టులు రెండున్నాయి, ఆదివారం పొద్దున్న వచ్చి ఒకటి పట్టుకెళ్ళు, అలాగే నీ డెడ్‌లిఫ్ట్ నా ముందు ఓసారి చెయ్యి, ఖాళీ బార్‌తోనే. నడుం ఎలగ పెడుతున్నావో చూసి చెప్తాను.